నెలకు 5 రూపాయల పన్ను నుంచి సున్నా రిటర్న్ దాకా

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకు ఇందులో చాలా సంగతులు తెలిసినవే. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం, విన్నా అంకెలు రాసుకోలేకపోయినవాళ్ల కోసం మాటల్ని కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాను. రికార్డింగులో దారి తప్పి మాట్లాడినవి కొన్ని తీసేశాను. ఆదరాబాదరాగా చెప్పిన లెక్కలు మళ్లీ చూసుకుని రాశాను.

ఈసారి విషయం చిన్న కొట్లు, అమ్మకం పన్ను. "పన్నుల గోల మనకెందుకన్నా, మనం కూలి చేసుకునేవాళ్లం" అని ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. న్యాయమే. కానీ మనలో పదిమందిని "ఇంటికి పోయాక ఏం చేస్తవ్?" అని అడగండి. ఎక్కువమంది చెప్పేది ఒకటే: చిన్న కొట్టు పెట్టుకుంటా. కిరాణమో, హోటలో, మొబైల్ షాపో. నేనూ అదే అన్నాను, పెట్టాను కూడా. దాని ఫలితం ముందు చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

తమ్ముడు పంపిన ఫొటో

2021 ఎండాకాలం. షార్జాలో రాత్రి డ్యూటీ దిగి రూముకొచ్చి ఫోను చూస్తే మా తమ్ముడు పంపిన ఫొటో ఉంది. జగిత్యాల వైపు మా ఊళ్లో నేను ఒక ఏడాది నడిపి మూసేసిన ఎలక్ట్రికల్ సామాను షాపు పేరు మీద నోటీసు. కింద వాడి మెసేజ్: "అన్నా, గిదేంది? షాపు బందు పెట్టి ఏడాదిన్నర అయితుంది గదా. ఇంకా పైసలు కట్టాలంటున్నరు."

షాపులో అమ్మకం సున్నా. కట్టాల్సిన పన్ను సున్నా. కానీ ఆ సున్నాను నెలనెలా చెప్పలేదు కాబట్టి ఆలస్య రుసుం. లెక్కేసుకుంటే లక్ష దాటుతోంది. అప్పటి నా జీతానికి అది కొన్ని నెలల కష్టం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్క మంచం మీద ఉండే కడప పెద్దాయన లేచి కూర్చుని సంగతంతా విన్నాడు. విని ఒక మాటన్నాడు: "మా జేజినాయన కాలంలో అంగడికి నెలకు ఐదు రూపాయలు కట్టేవాళ్లంటప్పా. కడితే చాలంట. అది పన్నో, మామూలో నాకు తెలీదు గానీ, లెక్క మాత్రం అడిగేవాళ్లు కాదని చెప్పేవాడు."

ఆ ఐదు రూపాయలు నా మనసులో ఉండిపోయాయి. తర్వాత తీరిక దొరికినప్పుడల్లా వెతికాను. అది మామూలు కాదు, నిజంగానే పన్ను. మన దేశంలో అమ్మకం పన్ను కథ దాదాపు అక్కడే మొదలవుతుంది.

1939: కల్లు దుకాణం మూసి, కిరాణా కొట్టు తలుపు తట్టారు

1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. రాజాజీ ప్రీమియర్. ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. మా జగిత్యాల వైపు నిజాం ఏలుబడి, కాబట్టి ఈ కథ మొదట మా పెద్దాయన కడపది, మా ఊరిది కాదు.

రాజాజీ 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టాడు. మరుసటి ఏడాది దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చాడు. తాగుడు మానిపించడం మంచి పనే. కానీ కల్లు, సారా మీద వచ్చే ఆబ్కారీ డబ్బు సర్కారు ఖజానాకు పెద్ద ఆధారం. అది పోతే ఆ లోటు ఎక్కడి నుంచి పూడాలి?

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం సరుకుల అమ్మకం మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 1938లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఆ అధికారాన్ని పెట్రోలు వరకు వాడుకుంది. 1939లో మద్రాసు ఇంకా ముందుకెళ్లి, ఒక సరుకు అని కాకుండా దాదాపు అన్ని సరుకుల అమ్మకం మీదా పన్ను వేసింది. మద్రాసు జనరల్ సేల్స్ టాక్స్ చట్టం అదే. ఈ తరహా సాధారణ అమ్మకం పన్ను దేశంలో అదే మొదటిది. అంటే కల్లు దుకాణం మూసిన లోటు ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు మీదికి వచ్చింది.

ఇక ఆ ఐదు రూపాయల సంగతి. చట్టం మొదట వచ్చినప్పుడు లెక్క ఇలా ఉండేది:

- ఏడాది అమ్మకం 10,000 రూపాయల లోపు ఉంటే పన్ను లేదు.
- 10,000 నుంచి 20,000 దాకా ఉంటే నెలకు 5 రూపాయలు, అంతే.
- 20,000 దాటితే మొత్తం అమ్మకం మీద అర శాతం.

రోజు లెక్కన చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. రోజుకు 27 రూపాయల కన్నా తక్కువ అమ్మే కొట్టుకు పన్నే లేదు. 27 నుంచి 55 దాకా అమ్మేవాడు నెల తిరిగేసరికి ఐదు రూపాయలు ఇస్తే సరిపోయేది. ఏడాది అమ్మకం పన్నెండు వేలా పదిహేను వేలా అన్న తేడా అక్కరలేదు, ఎంతైనా అదే ఐదు. చిట్టా, ఆవర్జా పద్ధతిగా రాయలేని చిన్న వర్తకుడి ఇబ్బంది ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసన్నమాట.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూద్దాం. నెలకు 5 అంటే ఏడాదికి 60 రూపాయలు. సరిగ్గా 10,000 అమ్మే కొట్టుకు అది నూటికి 60 పైసల లెక్క. 20,000 అమ్మే కొట్టుకు నూటికి 30 పైసలే. లక్ష అమ్మే పెద్ద షావుకారుకు నూటికి 50 పైసలు. చూశారా? అందరికన్నా చిన్నవాడే శాతం లెక్కన అందరికన్నా ఎక్కువ కట్టాడు. లెక్క చెప్పే బాధ తప్పినందుకు వాడు ఇచ్చిన ధర అది. గీత దాటేచోటా ఇంతే. 20,000 దాకా 60 రూపాయలు కట్టేవాడు, ఇంకొక్క రూపాయి అమ్మితే 100 కట్టాలి. కాబట్టి గీతకు ఏ పక్కన ఉన్నావో అన్న తకరారు మాత్రం ఉంటుంది.

ఈ రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. పన్ను సులువైందంటే తగ్గిందని కాదు, లెక్క తగ్గిందని. సులువు ఉన్నచోట ఒక గీత కూడా ఉంటుంది.

పన్ను మాత్రం నిలిచిపోయింది

పెద్ద వ్యాపారులు ఊరుకోలేదు. బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే నూనెల వ్యాపారుల కేసు ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. పేరు వింటేనే మనవాళ్లని తెలుస్తోంది కదా. తయారుచేసినవాడి మొదటి అమ్మకం మీద పన్ను వేస్తే అది ఎక్సైజ్ కిందికి వస్తుంది, ఎక్సైజ్ కేంద్రానిది, రాష్ట్రానికి హక్కు లేదన్నది వాళ్ల వాదన. 1942లో కోర్టు ఒప్పుకోలేదు. ఎక్సైజ్ సరుకు తయారీ మీద వేసేది, ఇది అమ్మకం మీద వేసేది, కాబట్టి రాష్ట్రం వేసుకోవచ్చంది. ఈ తీర్పుతో అమ్మకం పన్ను రాష్ట్రాలకు గట్టి ఆదాయ మార్గమైంది.

రాజాజీ 1939 అక్టోబరులోనే రాజీనామా చేశాడు. యుద్ధకాలంలో మద్యనిషేధాన్ని పక్కన పెట్టేశారు. పన్ను మాత్రం నిలిచిపోయింది. ఒక అవసరానికి వచ్చిన పన్ను ఆ అవసరం తీరాక కూడా ఉండిపోవడం అన్ని దేశాల్లోనూ చూసేదే.

హైదరాబాదు రాష్ట్రంలో 1950లో అమ్మకం పన్ను చట్టం వచ్చింది, అలా మా వైపూ చేరింది. 1956లో రాష్ట్రాలు కలిశాక రెండు చట్టాల బదులు 1957లో ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం పెట్టారు. ఊళ్లలో పాతవాళ్లు దాన్నే "సేల్ టాక్స్" అంటారు. దాదాపు యాభై ఏళ్లు అదే నడిచింది.

బాపు పొడుగు పుస్తకం

2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. అప్పటికి మా బాపుకు ఊళ్లో కిరాణం ఉంది.

పాత అమ్మకం పన్నులో ఒక పెద్ద చిక్కు ఉండేది. సరుకు చేతులు మారినచోటల్లా పన్ను పడితే, పన్ను మీద పన్ను పేరుకుంటుంది. 1939 నాటి అర శాతం అలాంటిదే. మిల్లువాడు కట్టి, హోల్‌సేల్ వాడు కట్టి, కొట్టువాడు కడితే, కొనేవాడి దగ్గరికి వచ్చేసరికి అన్నీ ధరలో కలిసిపోయేవి. వ్యాట్ దీనికి మందు. నువ్వు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి తీసేసుకుని మిగిలింది కట్టు అంటుంది. పద్ధతి న్యాయమైందే. కానీ తీసేసుకోవాలంటే కొన్న ప్రతి సరుకుకూ బిల్లు ఉండాలి. అంటే న్యాయం కావాలంటే కాగితం కావాలి.

ఆ కాగితం మోయలేని వాళ్లకోసం టర్నోవర్ టాక్స్ అని పెట్టారు. వాడుకలో టీవోటీ. మొదట్లో ఏడాది అమ్మకం 5 లక్షల నుంచి 40 లక్షల లోపు ఉన్నవాళ్లు మొత్తం మీద 1 శాతం కట్టాలి, మూడు నెలలకు ఒక రిటర్న్ వెయ్యాలి. కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు.

బాపు అమ్మకం ఏడాదికి ఎనిమిది లక్షల చిల్లర. అంటే మూడు నెలలకు రెండు వేల రూపాయల పైచిలుకు. ఎర్రబట్ట అట్ట పొడుగు పుస్తకంలో రోజూ దీపం పెట్టే వేళకు ఆ రోజు అమ్మకం ఒక్క అంకె రాసేవాడు. మూడు నెలలకు అవి కూడి, నూటికి ఒక రూపాయి లెక్కన తీసి, బస్సెక్కి పోయి కట్టి వచ్చేవాడు. బాపు చదివింది ఐదో తరగతి. ఆ లెక్క మాత్రం ఎవరినీ అడగకుండా చేసుకునేవాడు.

బాపుకు ఒకటే కోపం ఉండేది, ఉద్దెర మీద. "ఉద్దెర పెట్టినోడు ఇయ్యనే లేదు బిడ్డా, వాని మీద గూడ నేనే పన్ను గట్టాల్నా?" అనేవాడు. అమ్మితే అమ్మినట్టే, చేతికి డబ్బు రావడంతో పన్నుకు సంబంధం లేదు. లాభంతోనూ సంబంధం లేదు. కిరాణంలో నూటికి పది మిగులుతుందనుకుంటే, ఆ 1 శాతం అంటే మిగిలిన పదిలో ఒకటి పోయినట్టు. టీవోటీలోని సులువుకు బాపు ఇచ్చిన ధర అది. అయినా ఏనాడూ నోటీసు రాలేదు, ఎందుకంటే ఆ పద్ధతి బాపు మోయగలిగినంతే ఉంది.

2018 జనవరి 1, షార్జా

ఇప్పుడు ఇక్కడికి వద్దాం. 2018 జనవరి 1న ఎమిరేట్స్‌లో, సౌదీలో ఒకే రోజు 5 శాతం వ్యాట్ మొదలైంది. నేను అప్పుడు ఒక గ్రోసరీలో సేల్స్‌మన్‌ని. ముదలాళి మలయాళీ. డిసెంబరు చివరి వారమంతా రేట్ల చీటీలు మార్చడమే పని. దిర్హం సరుకు మీద ఐదు ఫిల్సులు పన్ను. కానీ మన చేతుల్లో తిరిగే చిల్లరలో అతి చిన్నది 25 ఫిల్సులు. ఐదు ఫిల్సులు తీసుకోవడానికీ లేదు, తిరిగివ్వడానికీ లేదు. కొన్ని సరుకులకు మా ముదలాళి తనే భరించాడు, కొన్నింటికి పావు పెంచాడు.

ఇక్కడా గీత ఉంది. ఏడాదికి 3,75,000 దిర్హాములు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రోజుకు సుమారు 1,027 దిర్హాములు. దానిలో సగం, 1,87,500 దాటినవాడు కావాలంటే తనంతట తాను చేరొచ్చు. గీత కింద ఉన్న కెఫెటేరియా వాడు వ్యాట్ వసూలు చేయకూడదు. పైన ఉన్నవాడు వసూలు చేసి, మామూలుగా మూడు నెలలకు ఒకసారి, గడువు ముగిసిన 28 రోజుల్లో రిటర్న్ వెయ్యాలి. మన టీవోటీ లాంటి మధ్య మెట్టు ఇక్కడ పెట్టలేదు. లోపలో బయటో, రెండే. ఒకటే రేటు, రిటర్నులో తక్కువ గళ్లు. సులువును ఇక్కడ అలా సాధించారు.

మా ముదలాళి కౌంటరు కింద ఒక అట్టపెట్టె పెట్టాడు. కొన్న ప్రతి బిల్లు అందులో పడాలి. 15 అంకెల పన్ను నంబరు లేని బిల్లు తెస్తే సప్లయర్‌ని వెనక్కి పంపేవాడు. "కాగితం పోతే కాసు పోయినట్టే" అనేవాడు వచ్చీరాని హిందీలో. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంకో ఏడాదిన్నరలో నా డబ్బుతో అర్థమైంది.

మిగతా గల్ఫ్ శ్రోతల కోసం: సౌదీలో 2020 జులై నుంచి అది 15 శాతమైంది. బహ్రెయిన్ 2019లో 5తో మొదలుపెట్టి 2022లో 10 చేసింది. ఒమన్‌లో 2021 ఏప్రిల్‌లో 5 శాతం వచ్చింది.

సహజ్, సుగమ్

మన దేశంలో 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. మొదట అనుకున్న పద్ధతిలో మామూలు వ్యాపారి నెలకు మూడు రిటర్నులు వెయ్యాలి: ఒకటి అమ్మినవి, ఒకటి కొన్నవి, మూడోది రెండూ కలిపి తేల్చినవి. అంత బరువు మొదటి రోజు నుంచే ఎత్తలేరని, మొదటి రెండు నెలలకు తాత్కాలికంగా ఒక చిన్న రిటర్న్ తెచ్చారు. పేరు జీఎస్టీఆర్-3బి. ఆ తర్వాత కొన్నవాటి రిటర్న్, తేల్చే రిటర్న్ ఆగిపోయాయి. రెండు నెలల కోసం వచ్చిన 3బి మాత్రం ఈనాటికీ నడుస్తోంది.

2018లో చిన్న వ్యాపారుల కోసం రెండు కొత్త రిటర్నులు అనుకున్నారు. పేర్లు ఎంత బాగున్నాయో చూడండి: సహజ్, సుగమ్. అవి అమలులోకి రాలేదు. వాటి బదులు 2021 జనవరి నుంచి, 5 కోట్ల లోపు అమ్మకం ఉన్నవాళ్లు పన్ను నెలనెలా కట్టి, రిటర్న్ మూడు నెలలకు ఒకటి వేసే పద్ధతి వచ్చింది.

1939 నాటి ఐదు రూపాయలకు, బాపు టీవోటీకి అసలైన వారసుడు మాత్రం కాంపోజిషన్ పథకం. 2019 ఏప్రిల్ నుంచి ఏడాదికి కోటిన్నర దాకా అమ్మేవాళ్లు ఇందులో చేరొచ్చు. సరుకు అమ్మేవాడికి 1 శాతం, హోటలువాడికి 5 శాతం. మూడు నెలలకు ఒకసారి డబ్బు కట్టి చిన్న స్టేట్‌మెంట్, ఏడాదికి ఒక రిటర్న్. వర్తకుడైతే పన్ను లేని సరుకు అమ్మకాన్ని ఆ 1 శాతం లెక్కలో కలపక్కర్లేదు.

దీనికీ ధర ఉంది. కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. రాష్ట్రం దాటించి అమ్మకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఆ 1 శాతం నీ జేబులోంచే. పన్ను వసూలుకు అర్హత లేదని బిల్లు మీద రాయాలి, కాంపోజిషన్ పన్నుదారునని బోర్డు మీదా రాయాలి. ఊళ్లో ఈసారి హోటల్లో తిన్నప్పుడు చూడండి. బోర్డు మీద ఆ మాట ఉండి, బిల్లులో జీఎస్టీ వేశారంటే అది తప్పు.

అసలు రిజిస్ట్రేషనే అక్కర్లేని గీత ఎక్కడుందంటే, సరుకులు అమ్మేవాళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. తెలంగాణ మాత్రం పాత 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే ఒకే రకం కొట్టుకు అక్కడ రోజుకు దాదాపు 11 వేలు, మా దగ్గర దాదాపు 5,500. మా రూములో ఈ సంగతి మీద పెద్దాయనకూ నాకూ ఒక రాత్రంతా వాదన నడిచింది.

నా తప్పు

2018లో నేను ఇంటికి పోయి దసరాకు షాపు తెరిచాను. వైర్లు, స్విచ్చులు, పైపులు, మోటార్ల సామాను. రోజుకు నాలుగు వేలు అమ్మితే గొప్ప. ఏడాదికి 14 లక్షల చిల్లర. అంటే 20 లక్షల గీతకు కిందే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ హోల్‌సేల్ అతను నంబరు ఉంటే మంచిదన్నాడు, కరెంట్ అకౌంటుకూ పనికొస్తుందన్నారు. పట్నంలో రిటర్నులు వేసే ఒకాయన దగ్గరికి పోయి నంబరు తీయించాను. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది, 15 అక్షరాలు. ఫ్రేము కట్టించి గోడకు పెట్టాను. కాంపోజిషనా, మామూలా అని ఆయన అడగలేదు, నాకు తెలియక నేనూ అడగలేదు. మామూలు కిందే పడింది. నెలనెలా 3బి.

షాపు నడవలేదు. 2019 అక్టోబరులో సరుకు అమ్మేసి, షట్టరు దించి, మళ్లీ షార్జా ఎక్కాను. షాపు మూస్తే అన్నీ మూసినట్టే అనుకున్నాను. నంబరు రద్దు చేయించాలని తెలియదు. రద్దు చేయించే దాకా, అమ్మకం లేకపోయినా, సున్నా అని రిటర్న్ వేస్తూనే ఉండాలని అసలే తెలియదు. నెలకు ఇన్నని తీసుకునే ఆయనకు నేను డబ్బు ఆపేశాను, ఆయన పని ఆపేశాడు. ఆయన ఒక మాట చెప్పి ఉండొచ్చు, నేనూ ఒక మాట అడిగి ఉండొచ్చు.

సున్నా రిటర్న్ ఆలస్యానికి రోజుకు 20 రూపాయలు. చూడ్డానికి చాయ్ పైసలు. కానీ ఒక్క నెల రిటర్న్ ఏడాది ఆలస్యమైతే 7,300. ఒక్కో రిటర్నుకు అప్పట్లో పదివేల దాకా పెరగొచ్చు. అలాంటి నెలలు పద్దెనిమిది.

చిత్రమేంటంటే, 2020 జూన్ నుంచి సున్నా 3బి ని ఫోన్ మెసేజ్‌తో వేసే వీలు వచ్చింది. 14409కి ఒక మెసేజ్, తిరిగి వచ్చిన కోడుతో ఇంకో మెసేజ్, అయిపోయింది. 1939 తర్వాత ఇంత సులువు ఇంకోటి రాలేదనుకుంటా. కానీ ఆ మెసేజ్ రిజిస్టర్ చేసిన ఇండియా నంబరు నుంచే వెళ్లాలి. నా ఇండియా సిమ్ రీచార్జి లేక ఎప్పుడో చచ్చిపోయింది. సులువు నా దాకా వచ్చింది గానీ, దాని తాళంచెవి నా దగ్గర లేదు.

నన్ను కాపాడింది నా తెలివి కాదు. 2021లో కేంద్రం ఆలస్య రుసుంలో మాఫీ ప్రకటించింది. 2021 ఏప్రిల్ దాకా ఆగిపోయిన 3బి లకు, సున్నావైతే ఒక్కోదానికి 500 కట్టి తేల్చుకోవచ్చు. గడువును నవంబరు 30 దాకా పెంచారు. అక్టోబరులో సెలవు పెట్టి ఊరెళ్లాను. కాగితాలు పట్టుకుని ఆఫీసులో ఫోను నంబరు మార్పించుకున్నాను, పాత నెలలన్నీ ఒక్కొక్కటే వేశాను. 18 నెలలకు 9,000 రూపాయలు, ఆ తర్వాతి నెలలకు మరికొంత, వేసిపెట్టిన అతని ఫీజు వేరే. నంబరు రద్దుకు పెట్టాను, రద్దయ్యాక చివరి రిటర్న్ కూడా వేశాను. అది వేస్తేనే పూర్తిగా మూసినట్టు.

ఆ సాయంత్రం బాపు అడిగాడు: "ఎంత అమ్మితే గింత పన్ను పడ్డది బిడ్డా?" ఏం అమ్మలేదు బాపూ అన్నాను. బాపు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా కాలంల అమ్మితేనే లెక్క అడిగేది" అన్నాడు.

ఈ కథలోంచి నాకు తెలిసింది

సర్కారు చిన్న కొట్టును పట్టించుకోలేదని నేను అనను. 1939 నుంచీ ప్రతిసారీ ఏదో ఒక సులువు దారి పెడుతూనే ఉన్నారు. 5 రూపాయలు, టీవోటీ, కాంపోజిషన్, మెసేజ్ రిటర్న్, అన్నీ అలాంటివే. 2021 జూన్ నుంచి సున్నా 3బి ఆలస్యానికి 500 మించకుండా కట్టడి కూడా పెట్టారు. కానీ ప్రతి సులువు వెనకా ఒక ఊహ ఉంది. కొట్టువాడు కొట్టులోనే ఉంటాడు, వాడి ఫోను మోగుతూ ఉంటుంది, వాడు బస్సెక్కి పట్నం పోగలడు అని. పెట్టి, నష్టపోయి, మళ్లీ విమానం ఎక్కే మనలాంటివాళ్లు ఆ ఊహలో లేరు. చిన్న కొట్టును ముంచేది చాలాసార్లు పన్ను కాదు, ఆ పన్ను సంగతి చెప్పే కాగితం.

అందుకే ఇంటికి పోయి కొట్టు పెట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ నా మాట ఇది. నంబరు తీసే ముందు మీ అమ్మకం గీతకు ఏ పక్కనుందో రోజు లెక్కన చూసుకోండి. తీయాల్సి వస్తే కాంపోజిషనా మామూలా అని నోరు తెరిచి అడగండి. రిజిస్ట్రేషన్‌లో ఫోను నంబరు, ఈమెయిలు మీవే ఉండాలి, రిటర్నులు వేసేవాడివి కాదు. మళ్లీ ఇటు రావాల్సి వస్తే, షట్టరు దించిన రోజే రద్దుకు పెట్టండి, ఇండియా సిమ్‌ను బతికించుకోండి. నేను చెప్పిన పరిమితులు, రుసుములు ఆయా సంవత్సరాలవి, ఇవి మారుతుంటాయి. పని మొదలుపెట్టే రోజున మళ్లీ కనుక్కోండి.

మా పెద్దాయన ఈ ఎపిసోడ్ రికార్డు చేస్తుంటే పక్కనే కూర్చున్నాడు. జేజినాయన చెప్పిన ఐదు రూపాయలు మామూలు కాదు, పన్నేనని చెప్తే నవ్వాడు. "అయితే మా జేజినాయన దొంగ కాదులే" అన్నాడు. వచ్చే ఏడాది ఆయన కడప పోయి కొడుకుతో కలిసి అంగడి పెడతాడట. నంబరు తీసే ముందు నాకు ఫోన్ చేస్తానని మాటిచ్చాడు.

మీ ఇంట్లోనూ పాత చిట్టా పుస్తకాలో, సేల్ టాక్స్ కాలం సంగతులో ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేర్లు చెప్పకుండా వినిపిస్తాం. ఉంటాను మరి, డ్యూటీకి టైమైంది.